అరబ్బు దేశపు వీడియోను మన నల్గొండ అని తిప్పుతున్నరు, ముస్లింలకు ఇల్లు ఇయ్యొద్దంటున్నరు: కాలనీ గ్రూపుల దీన్ని ఎట్ల ఎదుర్కోవాలె?

పానగల్_గట్టు (ప్రశ్న)

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు కాలనీ వాట్సాప్ గ్రూపుల్ల ఈ మధ్య ఒకే తీరు మెసేజులు తిరుగుతున్నయి. తెల్లటి పొడుగు జుబ్బాలేసుకున్నోళ్లు రోడ్డు మీద గుంపుగ ఉరుకుతున్న వీడియో పెట్టి, కింద "ఇది మన జిల్లానే, రేపు మీ గల్లీ" అని రాస్తరు. దాని ఎనుక "ముస్లింలకు ఇల్లు కిరాయికి ఇయ్యొద్దు, వాళ్ల బండి మీద పండ్లు కొనొద్దు" అని ఇంకోటి వస్తది. ఆ తర్వాత జనాభా, రిజర్వేషన్, రజాకార్లు అన్నీ ఒకే దాంట్ల కలిపి చాంతాడంత మెసేజ్.

గ్రూపుల సగం మందికి ఇది నచ్చదు, కానీ ఏం రాయాలెనో తెలువక ఊకుంటరు. వీడియో ఎక్కడిదో ఇంట్లనే కూసొని తేల్చే పద్ధతి ఏంది? లెక్కలకు సరైన జవాబు ఏంది? చట్టం ఎక్కడి దాక పనికొస్తది? కొట్లాట పెట్టుకునుడు కాదు, చేతనయ్యే పని చెప్పుండ్రి.

పిల్లలమర్రి_నీడ

ముందుగాల వీడియో సంగతి. అందరం చేసే తప్పు ఒక్కటే: మనుషుల బట్టలు చూసి ఊరి పేరు చెప్పేస్తం. బట్టలు ఇడిచిపెట్టి రోడ్డు చూడుండ్రి. బండ్లు ఏ పక్క పోతున్నయి? మన దేశంల, పాకిస్తాన్‌ల, బంగ్లాదేశ్‌ల ఎడమ పక్క. సౌదీ, యెమెన్, ఇరాక్, సిరియా, ఈజిప్టు ఏది తీసుకున్నా కుడి పక్క. బండ్లు కుడి పక్క పోతుంటే అది నల్గొండ కాదు, ఆడికే తేలిపాయె. ఒక్క జాగ్రత్త: దొరకకుండ ఉండనీకి కొందరు వీడియోను అద్దంల చూసినట్టు తిప్పేస్తరు. అట్ల తిప్పితే బోర్డుల మీద అక్షరాలు కూడ ఉల్టా అయితయి, అది చూసుకోవాలె.

తర్వాత బోర్డులు. ఉర్దూ, అరబీ రెండూ ఒకే తీరు కనబడుతయి గని ఒకటి కాదు. ఉర్దూ రాత ఏటవాలుగ, కుడి నుంచి ఎడమకు కిందికి జారినట్టు ఉంటది. దాన్ని నస్తాలీఖ్ అంటరు. అరబీ బోర్డులు ఎక్కువగ నస్ఖ్ పద్ధతి, అక్షరాలన్నీ గీత మీద నిలబెట్టినట్టు సాఫుగ ఉంటయి. ఉర్దూల ట, డ పలికే అక్షరాల నెత్తిన బుడ్డ "తోయె" గుర్తు ఒకటి కూసుంటది. ఆ గుర్తు కనబడితే అది అరబీ కాదు. ప, చ, గ లకు అరబీ లిపిల అసలు అక్షరాలే లేవు. మన దగ్గర ఉర్దూ బోర్డు ఉంటే పక్కన తెలుగో ఇంగ్లిషో ఉండుడు మామూలు. ఉర్దూ ఉన్నది, బండ్లు ఎడమ పక్క పోతున్నయి, తెలుగు అక్షరం ఒక్కటి లేదు అంటే అది పాకిస్తాన్ కావొచ్చు, ఉత్తరాది ఊరు కావొచ్చు.

నంబరు ప్లేట్లు ఇంకా పక్కా. నల్గొండకు పాతది ఏపీ 24, తర్వాత టీఎస్ 05, 2024 మార్చి నుంచి టీజీ 05. మహబూబ్‌నగర్‌కు ఏపీ 22, టీఎస్ 06, టీజీ 06. ఒక్క ఆటో వెనక భాగం స్పష్టంగ కనబడితే చాలు.

ఇంక వెతికే పని. వీడియోను మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తియ్యుండ్రి. మనుషుల మొకాలు కాదు, గోడ, మినారు, బోర్డు, బస్సు పడేటట్టు తియ్యాలె. మీద తెలుగుల రాసిన పట్టీ ఉంటే దాన్ని కత్తిరించుండ్రి, లేకుంటే వెతుకులాట ఆ పట్టీ మీదికే పోతది. గూగుల్ లెన్స్‌ల పెట్టి, దొరకకుంటే యాండెక్స్ అనే ఇంకో సెర్చ్ సైటుల పెట్టుండ్రి. తిప్పిన వీడియో అని అనుమానమైతే ఫోన్ల ఎడిట్ కాడ ఫ్లిప్ కొట్టి మళ్ల పెట్టుండ్రి. ఒకే దృశ్యం నాలుగేండ్ల కింద ఇంకో దేశం పేరుతోని కనబడ్డదంటే పని అయిపాయె. ఫొటో వివరాల్ల తేదీ చూద్దామని చానా మంది మోసపోతరు. వాట్సాప్ పంపేటప్పుడే ఆ వివరాలు తీసేస్తది, మీకు కనబడే తేదీ మీ ఫోన్ల దిగిన తేదీ. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్ చెక్ సైటు ఫ్యాక్ట్‌లీ తెలుగుల రాస్తది, ఆడ వెతికితే చానా సార్లు తయారు జవాబే దొరుకుతది.

జెండా గురించి ప్రత్యేకంగ చెప్పాలె. మిలాద్ (ప్రవక్త పుట్టినరోజు) ఊరేగింపు వచ్చిందంటే "పాకిస్తాన్ జెండా ఎగరేసిండ్రు" అనే ఫొటో తయారైతది. పాకిస్తాన్ జెండాల కర్ర దిక్కు నాలుగో వంతు తెల్లటి నిలువు పట్టీ ఉంటది, మిగిలిన మూడు వంతులు ముదురు ఆకుపచ్చ, దాంట్ల నెలవంక, చుక్క. దర్గాల మీద, మిలాద్‌ల, పీర్ల పండుగల కట్టే జెండా మొత్తం పచ్చదే. నెలవంక ఉంటే ఉండొచ్చు, 786 ఉండొచ్చు, కల్మా రాసి ఉండొచ్చు. తెల్ల పట్టీ ఉండదు. ఫొటో పెద్దగ చేసి కర్ర దిక్కు చూసుడు, అంతే పని. అసొంటి పచ్చ జెండాల కింద మన ఊర్లల్ల పీర్లు ఎత్తుకునేది ఎక్కువ మంది హిందువులే. ఆ ఫొటో పంపేటోళ్ల ఇంట్ల పెద్దలను అడిగినా చెప్తరు.

గ్రూపుల పెట్టే జవాబు రెండు లైన్లు దాటొద్దు. "ఇది ఫలానా దేశంది, ఫలానా ఏడాదిది, ఇగో పాత లింకు." పంపినోన్ని పేరు పెట్టి తిట్టొద్దు. తిడితే సంగతి వీడియో మీద నుంచి మీ ఇద్దరి మీదికి మల్లుతది. ఇంకో ముచ్చట: అబద్ధపు వీడియోను మళ్ల జోడించి "ఇది తప్పు" అని రాయకుండ్రి. కింది రాత చదవకుండ వీడియో ఒక్కటే ముందుకు పంపేటోళ్లు ఉంటరు.

కోర్టు_మెట్లు

చట్టం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో రెండూ తెలిసి ఉండాలి. లేకపోతే స్టేషన్ దాకా వెళ్లి నిరాశతో తిరిగొస్తారు.

పనికిరాని చోటు ముందు చెప్తాను. ఒక ఇంటి యజమాని ఫలానా మతం వాళ్లకు ఇల్లు ఇవ్వనంటే, అతన్ని నేరుగా శిక్షించే చట్టం మన దేశంలో ఇప్పటికీ లేదు. రాజ్యాంగం 15వ అధికరణం మొదటి క్లాజు ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు యజమానిని కాదు. రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల వరకే వస్తుంది. ఒక సహకార గృహ సంఘం సభ్యత్వాన్ని ఒకే మతం వాళ్లకు పరిమితం చేసుకున్న బైలాను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అది జొరాస్ట్రియన్ (పార్సీ) సొసైటీ కేసు. ఇది మారాల్సిన చట్టమని నా గట్టి అభిప్రాయం. మారేదాకా ఇంటి విషయంలో కోర్టు కంటే మాటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక పనికొచ్చే చోటు. ఒక యజమాని తన ఇల్లు ఇవ్వకపోవడం వేరు, "ఎవరూ ఇవ్వొద్దు, ఎవరూ కొనొద్దు, వెళ్లగొట్టండి" అని నలుగురినీ ఎగదోయడం వేరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 196 మతాల మధ్య శత్రుత్వం పెంచడం గురించి. 197 చాలామందికి తెలియదు కానీ ఈ సందర్భానికి బాగా దగ్గరిది: ఒక మతం వాళ్లకు పౌర హక్కులు లేకుండా చేయాలని చెప్పడం, ప్రచారం చేయడం దాని కిందికి వస్తుంది. శత్రుత్వం పుట్టించే ఉద్దేశంతో తప్పుడు సమాచారం, పుకారు వ్యాప్తి చేస్తే 353(2). ఈ మూడింటిలోనూ మామూలుగా శిక్ష మూడేళ్ల దాకా.

ఫిర్యాదు చెడిపోయేది సాక్ష్యం దగ్గర. మెసేజ్ కనిపించగానే ఒక్క స్క్రీన్‌షాట్ తీసి, పది మందికి పంపి, గ్రూపులోంచి బయటికొచ్చేస్తారు. మూడూ తప్పే. పంపిన నంబరు, తేదీ, సమయం, గ్రూపు పేరు ఒకే తెరలో పడేలా తీయాలి. ముందూ వెనకా మెసేజులు కలిపి స్క్రీన్ రికార్డింగ్ చేయాలి. మీడియాతో సహా చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. ఆ ఫోను మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: ఎ భాగం ఫోను మీ చేతిలో ఉన్నందుకు మీరు ఇచ్చేది, బి భాగం నిపుణుడు ఇచ్చేది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే జత చేసిన కేసులు ఇక్కడే కూలిపోతాయి. ఆ మెసేజ్‌ను ముందుకు పంపితే ప్రచారంలో మీరూ ఒక చెయ్యి వేసినట్టు అవుతుంది, అది మర్చిపోవద్దు.

ఫిర్యాదు రాసేటప్పుడు "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అని మొదలుపెట్టకండి. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతమంది ఉన్న గ్రూపులో, సరిగ్గా ఏ మాటలు రాశారో ఉన్నదున్నట్టు రాయండి. తర్వాత ఆ వీడియో అసలు ఎక్కడిదో ఒక పేరా. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఇలాంటి నేరాల్లో డీఎస్పీ అనుమతితో పోలీసులు 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చు, కాబట్టి అదే రోజు ఎఫ్ఐఆర్ కాకపోతే గాభరా పడొద్దు. అసలు తీసుకోనే తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(4) ప్రకారం ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా, పోస్టులో ఎస్పీకి పంపాలి. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. అదీ కాకపోతే మేజిస్ట్రేటు. ద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా పోలీసులే కేసు పెట్టాలన్న ఆదేశాన్ని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఫిర్యాదు చివర్లో ఆ తేదీ రాయండి.

ఎఫ్ఐఆర్ అయ్యాక కూడా ఒక గడప ఉంది. కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే 196కు ప్రభుత్వ అనుమతి కావాలి. 197, 353(2)లకు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉన్నా సరిపోతుంది. చాలా కేసులు ఈ అనుమతి ఫైలు దగ్గరే నిద్రపోతాయి. ఫిర్యాదులో 196 ఒక్కటే రాయకుండా వర్తించే మిగతా సెక్షన్లూ రాయమనేది అందుకే.

గ్రూపు అడ్మిన్ మీద కేసు పెడదామని చాలామంది అడుగుతారు. వేరే సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్‌ను అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుణ్ని చేయలేమని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్‌ను శత్రువుగా చూడకుండా "అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేయాలి" అన్న సెట్టింగ్ రెండు రోజులు పెట్టమని అడగండి. చాలా గొడవలు ఆ రెండు రోజుల్లోనే చల్లారతాయి.

పండ్ల బండ్ల విషయం. కన్వర్ యాత్ర (శివభక్తులు గంగాజలం మోసుకెళ్లే యాత్ర) దారిలో దుకాణదారుల పేర్లు బోర్డు మీద రాయాలన్న ఉత్తరాది ఆదేశాలను 2024 జులై 22న సుప్రీంకోర్టు నిలిపేసింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో చెప్పమనొచ్చు గానీ యజమాని పేరు చెప్పమని బలవంతం చేయకూడదంది. కాలనీ గేటు దగ్గర బండివాణ్ని ఆపి పేరడిగే వాచ్‌మన్‌కు ఈ అధికారం ఎవరూ ఇవ్వలేదు.

జాన్‌పహాడ్_దారి

లెక్కల సంగతి నేను చెప్త. చాంతాడంత మెసేజ్‌కు చాంతాడంత జవాబు రాస్తే ఎవరూ సదవరు. దాంట్ల అన్నిటికంటె పెద్ద అబద్ధం ఒక్కటి పట్టుకొని దానికే చెప్పుండ్రి.

జనాభా: 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి నల్గొండ జిల్లాల ముస్లింలు నూటికి 5 చిల్లర, ఉమ్మడి మహబూబ్‌నగర్‌ల 8 చిల్లర. రాష్ట్రం మొత్తం మీద 12.7 శాతం, అది హైదరాబాద్ కలిపినందుకు. "పెరిగిపోతున్నరు" అనేదానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపుండ్రి. 1992–93ల ముస్లిం ఆడోళ్లకు సగటున 4.4 మంది పిల్లలు, హిందువులకు 3.3. 2019–21ల 2.36, 1.94. అంటే ఎక్కువ తగ్గింది ముస్లింలల్లనే, రెండింటి నడుమ తేడా కూడ సగానికి పైన తగ్గింది. ఈ నాలుగు అంకెలు కలిపే చెప్పాలె. చివరి రెండే చెప్తే "అయినా ఎక్కువే గదా" అంటరు. అసలు ముచ్చట అది ఏ దిక్కు పోతున్నదన్నది.

రిజర్వేషన్: "ముస్లింలందరికీ 4 శాతం" అని రాస్తరు. 2007 చట్టం కింద బీసీ–ఈల ఉన్నది వెనకబడ్డ కొన్ని వర్గాలే. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ లను చట్టంల పేరు పెట్టి మరీ బయట ఉంచిండ్రు. అరబ్బుల పేరు చెప్పి భయపెట్టే మెసేజ్‌ల రిజర్వేషన్ గురించి కూడ ఉంటే ఈ ఒక్క ముక్క చాలు. దీన్ని హైకోర్టు 2010ల కొట్టేసింది, అదే ఏడు మార్చిల సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతోని కొనసాగుతున్నది. ఇది దాచకుండ చెప్పుండ్రి. దాస్తే ఎదుటోడు అదే పట్టుకుంటడు.

రజాకార్లు: ఇది మన నల్గొండ గాయం, దీన్ని తేలికగ తీసెయ్యొద్దు. ఊర్లు కాల్చిండ్రు, మనుషులను చంపిండ్రు, అది నిజం. "అసలేం కాలే" అని వాదించినోడు ఓడిపోతడు, ఓడిపోవాలె కూడ. కానీ లెక్క సగం చెప్పొద్దు. రజాకార్లకు ఆసరాగ నిలబడ్డోళ్లల్ల హిందూ దేశ్‌ముఖులు ఉన్నరు. వాళ్లకు ఎదురు నిలబడ్డోళ్లల్ల ముస్లింలు ఉన్నరు. హైదరాబాద్ సంస్థానం భారత్‌ల కలవాలెనని రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టుల చంపిండ్రు. విసునూరు దేశ్‌ముఖ్ దిక్కోళ్లతోని భూమి కోసం కోర్టుల కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీది కామారెడ్డిగూడెం, అప్పుడది నల్గొండ జిల్లానే. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్‌ను 1952ల అసెంబ్లీకి పంపింది హుజూర్‌నగర్ ఓటర్లు, అంటే ఆ గాయం పచ్చిగ ఉన్న నాలుగేండ్లకే. 1948 సెప్టెంబర్ల భారత సైనిక చర్య తర్వాత ముస్లింల మీద ఏం జరిగిందో నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది: తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయిండ్రని. ఆ నివేదిక జనానికి అందింది 2013ల. ఒక పక్క బాధ చెప్పి ఇంకో పక్కది మింగేస్తే అది చరిత్ర కాదు.

ఒక మాట పలుకుబడి గురించి. మన ఊర్లల్ల ముసలోళ్లు "తురకోళ్లు" అంటే అన్ని సార్లు తిట్టు కాదు, "సాయిబు కాకా" అని పిలిచే నోటి నుంచే అది వస్తది. అదే మాట వాట్సాప్‌ల రాస్తే తిట్టే. పెద్దోళ్లను దీని మీద సతాయించకుండ్రి, గ్రూపుల మాత్రం "ముస్లింలు" అని రాయమని అడుగుండ్రి. నల్గొండ, సూర్యాపేట దిక్కు హిందువుల ఇండ్లల్ల సైదులు, సైదమ్మ అని పేర్లుంటయి, జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకొని పెట్టినయి. కాలనీ గ్రూపు మెంబర్ల లిస్టుల ఎంత మంది సైదులున్నరో ఒక్కసారి చూసుకోమనుండ్రి.

పానగల్_గట్టు

అందరికీ శుక్రియా. వీడియోల ఆటో ప్లేటు చూసే పద్ధతి వెంటనే పనికొచ్చేది. ఇంకో రెండు అడుగుత. ఇల్లు ఇయ్యనోళ్లు మతం అని మొకం మీద చెప్పరు. "మాంసం వాసన", "చప్పుడు", "అరబ్బు దేశాల్ల ఎట్లుంటరో చూస్తున్నం గదా" అంటరు. దీనికి ఏం చెప్పాలె?

పిల్లలమర్రి_నీడ

మాంసం సాకు తెలంగాణల నిలబడదు. 2014 నమూనా రిజిస్ట్రేషన్ సర్వేల మాంసాహారులు దేశంల అందరికంటె ఎక్కువ మన దగ్గరే, నూటికి 98 పైన. ఆదివారం పొద్దున కాలనీల ఏ ఇంట్ల నుంచి వాసన రాదో చూపమనుండ్రి.

అసలు ఇబ్బంది ఏదన్నా ఉంటే అది రాత మీద పెట్టుకుంటే అయిపాయె. 11 నెలల అగ్రిమెంటుల "మెట్ల మీద, టెర్రస్ మీద కోయొద్దు, బొక్కలు, తోలు కవర్ల కట్టి మున్సిపల్ బండికే ఇయ్యాలె" అని ఒక లైను. అది బక్రీదుకూ వర్తిస్తది, బోనాల యాటకూ వర్తిస్తది. ఆధార్ కాపీ, కిరాయిదారు పోలీసు వెరిఫికేషన్ అందరి తాన అడుగుండ్రి. ముస్లిం వచ్చినప్పుడే అడిగి రెడ్డిగారి అబ్బాయి వచ్చినప్పుడు మరిచిపోయే యజమానికి "పోయినసారి తీసుకున్నరా సార్?" అని మెల్లగ అడిగితే చాలు. చప్పుడుకు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలున్నయి. నివాస ప్రాంతంల పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట మైకు బంద్. మసీదు, గుడి, చర్చి, పెండ్లి బరాత్, అందరికీ ఇదే.

ఈ మాటలు గ్రూపుల రాయొద్దు. యజమానితోని ఒంటరిగ, ఆయన తరుపోళ్లు ఒక్కరిని తీసుకపోయి చెప్పాలె. నలుగురు సదివే కాడ "ఇయ్యను" అన్నోడు మాట వెనక్కి తీసుకోలేడు.

జాన్‌పహాడ్_దారి

అరబ్బుల ముచ్చట. ముస్లిం అంటే అరబ్బు అనే లెక్కనే తప్పు. ప్రపంచంల ముస్లింలల్ల అరబ్బులు దాదాపు ఐదో వంతు. 2020 లెక్కల ఎక్కువ ముస్లింలున్న దేశం ఇండోనేషియా. అరబ్బులందరూ ముస్లింలు కాదు. లెబనాన్‌ల రాష్ట్రపతి మరోనైట్ క్రైస్తవుడే ఉండాలెనన్నది ఆ దేశపు ఒప్పందం. ఈజిప్టుల కాప్టిక్ క్రైస్తవులు లక్షల్ల ఉన్నరు. ఒక్క ఊరి వీడియో చూసి 22 అరబ్బు దేశాలకు, ఆడ నుంచి మన గల్లీల పంక్చర్ షాపుకు ముడి పెడుతున్నరు.

మనకు అరబ్బులు కొత్త కాదు. యెమెన్‌ల హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజుల చేరినోళ్ల సంతతి హైదరాబాద్ బార్కస్‌ల ఇప్పటికీ ఉన్నది. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. చావూష్‌లని పిలిచేది వాళ్లనే. రంజాన్‌ల అందరం లైను కట్టి తినే హలీంకు మూలం వాళ్ల హరీస్.

బట్టలు, రంగు చూసి దేశం చెప్పుడు ఎంత దూరం పోతదో మన తెలుగోళ్లకు ఒకరు చెప్పే అవసరం లేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాల కాన్సస్ రాష్ట్రం ఒలేథ్‌ల శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినోడు, ఆ రాత్రి తప్పించుకపోతూ ఇంకో బార్‌ల "ఇద్దరు ఇరానీయులను కాల్చిన" అని చెప్పిండు. కూచిభొట్ల ఇరానీయుడు కాదు, అరబ్బు కాదు, ముస్లిం కాదు. అయితే ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు ఒకటి యాది పెట్టుకోవాలె. "పాపం, తప్పు మనిషిని చంపిండు" అన్నట్టు రావొద్దు. నిజంగ ఇరానీయుడైనా అది హత్యనే.

కోర్టు_మెట్లు

చివరగా ఒక పని, సమయం చూసి చేయాల్సింది. పుకార్లు ఎక్కువగా లేచేది రెండు పండుగలు దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ రెండూ సెప్టెంబర్ 28నే పడితే, హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. ఆ వార్త మీ గ్రూపుల్లో ఎంతమంది పంపారో వెతికి చూడండి.

ఇలాంటి పండుగలకు వారం పది రోజుల ముందు పోలీస్ స్టేషన్లలో శాంతి కమిటీ సమావేశం పెడతారు. కాలనీ సంఘం తరఫున ఇద్దరు వెళ్లొచ్చు, చాలా కాలనీల నుంచి ఎవరూ వెళ్లరు. వెళ్లి ఊరేగింపు దారి, సమయం కాగితం మీద తీసుకోండి. ఎస్ఐ నంబరు, ఆ దారిలో ఉన్న మసీదు కమిటీ, మండపం కమిటీ పెద్దల నంబర్లు తీసుకుని అదే రోజు గ్రూపులో పిన్ చేయండి. రాత్రి పదకొండింటికి "గడియారం సెంటర్ దగ్గర రాళ్లు పడుతున్నాయట" అని మెసేజ్ వచ్చినప్పుడు ఆ దారిలో ఉన్న మనిషికే ఫోన్ చేసి అడగొచ్చు. అక్కడ ఏమీ లేదని అతను చెప్తే, అతని పేరుతోనే గ్రూపులో రాయండి. నిజంగానే ఏదైనా ఉంటే గ్రూపులో రాయకుండా ముందు 112కి ఫోన్ చేయండి.